ఆపకుండానే బ్యాటరీ మార్చుకోవచ్చు: థింక్‌ప్యాడ్ టి480తో నాలుగేళ్లు

సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేస్తూ ఊళ్లు తిరగడం నా వృత్తి. ఒక కార్యాలయం వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్ టి480 ల్యాప్‌టాప్‌ను 2021లో పాత కంప్యూటర్ల దుకాణంలో కొన్నాను. దాని కీబోర్డును మెచ్చుకున్నవారు చాలామందే ఉన్నారు కనుక ఆ సంగతి వదిలేస్తున్నాను. నాకు నచ్చింది రెండు బ్యాటరీల ఏర్పాటు. లోపల 24 వాట్-అవర్ల బ్యాటరీ ఒకటి స్థిరంగా ఉంటుంది; వెనుక తగిలించేది మాత్రం అడుగున గొళ్లేలు జరపగానే చేతిలోకి వచ్చేస్తుంది. మొదట వెనుకది ఖర్చవుతుంది, ఆ తరువాతే లోపలిది, కాబట్టి యంత్రం నడుస్తుండగానే వెనుకదాన్ని మార్చుకోవచ్చు.

ఒక మార్చి నెలాఖరున కోనసీమలోని ఒక సంఘంలో రుణ ఖాతాలు సరిచూస్తుండగా ఉదయం పోయిన కరెంటు సాయంత్రం వరకు రాలేదు. మధ్యాహ్నానికి వెనుక బ్యాటరీ అయిదు శాతానికి దిగితే, సంచిలోంచి మరొకటి తీసి మార్చబోయాను. "ఆపేసి తియ్యండి సార్, లెక్కంతా పోతుంది" అని గుమస్తా కంగారుపడ్డాడు. తెర మీద పట్టిక చెక్కుచెదరలేదు. ఆ రోజు నేను కొంచెం గర్వపడిన మాట నిజమే.

ఆ గర్వం మరుసటి ఏడాది దిగింది. చవకగా దొరికిందని కొన్న నకిలీ బ్యాటరీ ముప్పై శాతం చూపిస్తూనే హఠాత్తుగా చేతులెత్తేసింది. ఆదుకోవలసిన లోపలి బ్యాటరీ వయసు మీరి అప్పటికే సగానికి సగం క్షీణించి ఉండటంతో యంత్రం ఆరిపోయి, గంట పని పోయింది. లోపలిదాన్ని మార్చాలంటే బయాస్‌లో (యంత్రం మొదలవగానే తెరుచుకునే మూల అమరికల్లో) దాన్ని నిలిపివేసి, అడుగు మూత విప్పాలి. అది ఆఫీసు బల్ల మీద అప్పటికప్పుడు చేసుకునే పని కాదు. పైగా 72 వాట్-అవర్ల వెనుక బ్యాటరీ కిందికి పొడుచుకు వస్తుంది. బల్ల మీద టైపు చేయడానికి అది అనుకూలమే గానీ, బస్సులో ఒళ్లో పెట్టుకుంటే గుచ్చుకుంటుంది.

2019లో వచ్చిన తరువాతి నమూనా టి490లో ఈ రెండు బ్యాటరీల ఏర్పాటు తీసేశారు. కరెంటుకు కొదవలేని గదిలో పనిచేసేవారికి అది లోటనిపించదు, వారికి తేలికైన కొత్త యంత్రమే మేలు కావచ్చు. నా తిరుగుడుకు మాత్రం ఇంకా ఇదే సరిపోతోంది. అయితే ఇప్పుడు సంచి సర్దేముందు లోపలి బ్యాటరీ ఎంత నిలుస్తుందో ఒకసారి చూసుకుంటున్నాను.