నెల్లూరులో తిండి వేట

నెల్లూరుకు బదిలీ అని తెలిసిన రోజున కాకినాడ ఆఫీసులో నలుగురూ అన్నది ఒకటే మాట: "ఇంకేం గురూ, చేపల పులుసు!" మా ఆవిడా అదే అంది, కాకపోతే కాస్త వెటకారంగా. పిల్లల పరీక్షలు, స్కూలు టీసీల గొడవ తేలేదాకా వాళ్లు అక్కడే ఉండిపోయారు. ఏప్రిల్ రెండో వారంలో నేనొక్కణ్నే సూట్‌కేసుతో దిగాను. రెండు నెలలు బయటి తిండే గతి. ఈ ఊరికి కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుందేమోనని, అప్పుడు తిన్నవీ పారేసినవీ రాసి పెడుతున్నాను.

మొదట ఉన్నది ఆర్టీసీ బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో ఒక లాడ్జి. పేరెందుకులెండి. రోజుకి 1,100 రూపాయలు. ఏసీ పనిచేసింది, దుప్పట్లు శుభ్రం. వేడినీళ్ల కోసం గీజరు వెయ్యక్కర్లేదు, మధ్యాహ్నానికల్లా మేడ మీది ట్యాంకే కాగిపోతుంది. ఎటొచ్చీ గది అద్దెలో కలిపి ఇచ్చే టిఫిన్‌తోనే చిక్కు. ఆరు రోజులూ ఆ ఉప్మాయే, ఆ చల్లారిన సాంబారే. ఏడో రోజు నుంచి టిఫిన్ వద్దు, అద్దెలో వంద తగ్గించమని అడిగితే "రూల్ లేదు సార్" అన్నాడు. మీరు నెల రోజుల లెక్కన గది మాట్లాడుకునే పనైతే టిఫిన్ తీసేసి రేటు ముందే మాట్లాడుకోండి. బయట నలభై రూపాయలకి దొరికే టిఫిన్ ముందు అది దండగ.

దిగిన రాత్రే ఆత్రం ఆగక, ఫోన్లో నాలుగున్నర స్టార్లున్న ఒక రెస్టారెంటు చూసుకుని ఆటో ఎక్కాను. చేపల పులుసు చెప్పాను.

"ఏం చేప బాబూ?"

"చేపే సార్."

"అదే, ఏ చేప?"

"ఫిష్ సార్."

అప్పుడే లేచి రావాల్సింది. వచ్చింది ముల్లు లేని తెల్ల ముక్కలు, చుట్టూ గరిటె జారుగా ఎర్రటి గ్రేవీ. చింతపండు జాడ లేదు. బిల్లు 340. అది తిని గదికొచ్చి, కాకినాడలో సుబ్బయ్య గారి హోటల్ భోజనం తలుచుకుంటూ పడుకున్నాను. ఆ రాత్రి నుంచీ ఎక్కడికి వెళ్లినా మొదట అడిగే ప్రశ్న "ఏ చేప?" అనే. బొచ్చె అనో శీలావతి అనో వెంటనే పేరొస్తే కూర్చుంటాను. "చేపే" అంటే నీళ్లు తాగి లేస్తాను.

మర్నాడు ఆరున్నరకి టీ కోసం బయల్దేరి ఊరికే నడుస్తూ పొగతోట వైపు వెళ్లాను. ఊళ్లో ఆసుపత్రులన్నీ అక్కడే గుమిగూడినట్టుంటాయి. రోగుల వెంట వచ్చినవాళ్లు రాత్రంతా మేలుకుని, తెల్లారేసరికి ఫ్లాస్కులు పట్టుకుని రోడ్డు మీదికొస్తారు. వాళ్ల కోసం టిఫిన్ బండ్లూ పెందలాడే మొదలవుతాయి. జనం మూగిన ఒక బండి దగ్గర ఆగి, అలవాటు కొద్దీ "పెసరట్టుందా?" అన్నాను. బండాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏ ఊరు సార్ మనది? కారం దోసె తినండి" అన్నాడు.

ఆ దోసె వేసే తీరు చూడాలి. పెనం మీద నీళ్లు చల్లి, కురచ చీపురుతో ఒక్క ఊడ్పు ఊడ్చి, పిండి వేశాడు. కాగితంలా పలచగా లాగలేదు. మందంగానే తిప్పి వదిలేశాడు. సగం కాలాక ఎర్రకారం ముద్ద వేసి, చెంచా వీపుతో అంచుల దాకా పులిమాడు. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరిన ముద్ద అది. దాని మీద పప్పుల పొడి, అంటే పుట్నాల పప్పు పొడి, వేళ్ల సందుల్లోంచి వానలా చల్లాడు. చుట్టూ నెయ్యి. కారం వేగిన ఘాటుకి బండి చుట్టూ ఉన్నవాళ్లలో ముగ్గురం ఒకేసారి తుమ్మాం. బండాయనకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

మొదటి ముక్కకి చెవుల్లోంచి పొగ వచ్చింది. రెండో ముక్కకి పప్పుల పొడి పని మొదలుపెట్టింది. అది కారాన్ని పీల్చుకుని నాలిక మీద తియ్యటి కమ్మదనం ఒకటి వదులుతుంది. మూడో ముక్కకి ఇంకో దోసె చెప్పేశాను. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తొమ్మిదింటికి వెళ్తే ఆయన పెనం గోకుతూ కనిపిస్తాడు. ఒక ఆదివారం బద్ధకించి పడుకుని తొమ్మిదింబావుకి వెళ్లి, ఖాళీ బండి చూసి వచ్చాను. ఈ ఊళ్లో తిండి ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చాలదు, ఏ వేళకి దొరుకుతుందో కూడా తెలియాలి. మొదటి నెలలో నేను పస్తున్న రెండు మూడు పూటలూ ఇలా వేళ తప్పినవే.

మధ్యాహ్నం సంగతి. శాకాహారులైతే ట్రంకు రోడ్డులో కోమల విలాస్ ఉంది, ఎవర్ని అడిగినా దారి చెబుతారు. నేనూ వెళ్లాను, కడుపు నిండా తిన్నాను. కానీ రోజూ హోటల్ భోజనం చేసే ఓపిక, డబ్బు రెండూ లేవు. ఆఫీసు వెనక సందులో, ముందుగదిలో నాలుగు బల్లలు వేసి మెస్సు నడిపే ఒక అక్క గురించి మా అటెండరు చెప్పాడు. బోర్డు లేదు. గడప బయట చెప్పులు ఎక్కువుంటే అన్నం ఉన్నట్టు, లేకపోతే అయిపోయినట్టు. భోజనం 100 రూపాయలు.

అక్కడ ముందు నచ్చింది అన్నం. కూర రుచి తర్వాత మాట. గోదావరి వాణ్ని, అన్నం విషయంలో ఎవరికీ తలొగ్గను. కానీ ఈ ఊరివాళ్లకి బియ్యం పట్టింపు నాకంటే ఎక్కువే. పెద్దవాళ్లు మొలగొలుకుల బియ్యం పేరెత్తితే చాలు, చనిపోయిన బంధువు గురించి చెప్పినట్టు చెబుతారు. ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449ని నెల్లూరు మసూరి అని ఊరి పేరుతోనే పిలుచుకుంటారు. అక్క మాత్రం రకం పేరుకంటే వయసు చూస్తుంది. "కొత్త బియ్యం వండితే మా ఇంటాయన కూడా ముద్దెత్తడు సార్" అంటుంది. పాత బియ్యం అన్నం విడివిడిగా, పులుసు పోసినా ముద్ద కాకుండా నిలబడుతుంది. పులుసు తినే ఊరికి అదే కావాలి మరి.

పులుసు ఆమె దగ్గర బుధవారం, ఆదివారం మాత్రమే. నేను వెళ్లిన మొదటి బుధవారం బొచ్చె చేప. సముద్రపు చేప లేదా అని అడిగాను.

"సముద్రం మూసేసుండారు సార్. జూన్ దాకా రాదు."

మూయడమేమిటని నవ్వాను గానీ, నిజంగా మూతే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. కాకినాడ వాణ్నయ్యుండీ ఆ తారీఖులు నాకెప్పుడూ పట్టలేదు, ఎందుకంటే మా ఇంట్లో చేప కొనేది మా ఆవిడ. ఆ రెండు నెలలు "ఇవాళే వచ్చిన వంజరం" అని ఎవరైనా ఊరిస్తే, అది ఎన్నాళ్లు ఐసులో ఉందో ఆలోచించుకోండి. ఆ రోజుల్లో చెరువు చేపే మేలు. బొచ్చె, శీలావతి, డబ్బులుంటే కొర్రమీను. తమాషా ఏంటంటే పులుసులోకి కావాల్సిన పచ్చి మామిడికాయ మంచిగా దొరికేది సరిగ్గా అప్పుడే. సముద్రం తెరిచేసరికి మామిడి కాస్తా పండుగా మారిపోతుంది.

అక్క పులుసు గరిటె పెట్టి కలపదు. ముక్కలు వేశాక చట్టిని గుడ్డతో రెండు వైపులా పట్టుకుని, గుండ్రంగా ఒక ఊపు ఊపుతుంది, అంతే. ముక్క చెదరదు. చివర్లో మామిడి ముక్కలు, మెంతిపొడి. దించిన వెంటనే వడ్డించదు. పొద్దున పదికల్లా దించి మూతపెట్టేసి, ఒంటిగంటకి తీస్తుంది. "వేడి మీద తింటే పులుపు ఒక తట్టు, కారం ఒక తట్టు ఉంటాయి సార్" అని ఆమె లెక్క. ముక్కలోకి పులుపు దిగడానికి టైము కావాలి. అప్పుడు అర్థమైంది, దిగిన రాత్రి నేను తిన్న నాలుగున్నర స్టార్ల గ్రేవీకీ దీనికీ తేడా. అక్కడ ఆర్డరిచ్చిన పది నిమిషాల్లో పులుసు బల్ల మీదికి వచ్చేసింది.

ఫోన్లో తెప్పించుకోవడం కూడా ఒకసారి చేశాను. పులుసు డబ్బాలోంచి సంచిలోకి, సంచిలోంచి డెలివరీ అబ్బాయి ప్యాంటు మీదికి కారింది. పాపం అతని మొహం చూసి ఫిర్యాదు కూడా పెట్టలేదు.

మే నెలలో ఒక ఆదివారం కొలీగ్ బండి మీద మైపాడు బీచికి వెళ్లాం, పాతిక కిలోమీటర్లు. దారి బాగుంది, రెండు వైపులా రొయ్యల చెరువులు, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ల చప్పుడు. ఒడ్డున వేపుళ్ల షెడ్లు వరసగా ఉన్నాయి. మసాలా పూసిన చేపలు పళ్లెంలో పేర్చి పిలుస్తారు. అవి సముద్రం మూసిన రోజులు కదా, మేం చేప జోలికి పోకుండా రొయ్యలు చెప్పాం. చెరువు రొయ్యలు గట్టిగా, తియ్యగా బాగున్నాయి. కానీ తూకం ముందు ఒక రేటు, తిన్నాక ఒక రేటు. మసాలాకీ వేపినందుకూ వేరే అట. వాదించి సగం తగ్గించుకున్నాం. అక్కడ తినేముందు "అంతా కలిపి ఎంత?" అని అడగండి. మూకుడులో నూనె నల్లగా కనిపిస్తే పక్క షెడ్డుకి వెళ్లండి. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం అస్సలు వద్దు. మేం పన్నెండింటికి వెళ్లి, కొబ్బరిబోండాలు తాగడం తప్ప ఇసుకలో కాలు పెట్టలేకపోయాం. తిరుగుదారిలో తాటిముంజలు అమ్ముతుంటే డజను తిన్నాం. ఆ ట్రిప్పు మొత్తానికి రుచి అంటే అవే.

ఆఫీసు పని మీద ఒంగోలు ఒకరోజు. అక్కడ భోజనం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, బస్టాండు దగ్గర హడావిడిగా ఏదో తిన్నాను. కానీ ఒంగోలు దాకా వెళ్లి అల్లూరయ్య మైసూర్‌పాక్ కొనకుండా వస్తే ఆఫీసులో మాట పడాలని ముందే బెదిరించారు. అరకిలో కొన్నాను. రైల్లో మూత తెరిస్తే నేతి వాసనకి ఎదురు సీటు పెద్దాయన పేపరు దించి చూశాడు. ఆయనకో ముక్క ఇచ్చాను. నెల్లూరు చేరేసరికి పావుకిలో మిగిలింది. ఆఫీసుకి తీసుకెళ్లలేదు.

స్వీట్ల మాట వచ్చింది కాబట్టి మలై కాజా సంగతీ చెప్పాలి. నెల్లూరుకి దాని పేరు బాగానే ఉంది. మా కాకినాడ కోటయ్య కాజా తిని పెరిగినవాణ్ని కదా, మొదట తినడానికి మనసొప్పలేదు. కాజా అంటే గొట్టంలా ఉండాలి, కొరికితే పాకం చివ్వున రావాలి, చొక్కా మీద పడాలి. మలై కాజాలో పాకం అంత తెగించదు. లోపల మీగడ మెత్తదనం, పాల రుచి. రెండోది తిన్నాక మంచి స్వీటే అని ఒప్పుకున్నాను. దాన్ని కాజా అనడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

జూన్‌లో ఇంటివాళ్లు వచ్చారు, రామలింగాపురంలో ఇల్లు తీసుకున్నాం. జూలైలో మొహర్రానికి స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్లు మళ్లీ వచ్చి రొట్టె ఇస్తారు, అదీ చెరువు నీళ్లలో నిలబడి. హైదరాబాద్ నుంచి మా బావమరిది వాళ్లు వస్తామంటే లాడ్జి చూద్దామని బయల్దేరాను. నేను 1,100కి ఉన్న గదికి ఆ వారం 2,500 అన్నారు, అదీ చివరి గది అన్నారు. వాళ్లు మా హాల్లోనే పడుకున్నారు. ఆ రోజుల్లో రావాలనుకుంటే గది చాలా ముందుగా చూసుకోండి.

బావమరిది వాళ్లు వెళ్లిన శనివారం రాత్రి పక్కింటి పెద్దమ్మ స్టీలు గిన్నెతో వచ్చారు. మూత తీయకుండానే వాసన చెప్పేసింది.

"ఏం చేప పెద్దమ్మా?" అన్నాను, నోటికి అలవాటైపోయి.

"వంజరం. సముద్రం తెరిచినాక వచ్చిందే. ఇప్పుడే తినబాకండి. రేప్పొద్దున దోసెల్లోకి వేసుకోండి."

తినబాకండి! మా ఆవిడకి ఆ మాట తెగ నచ్చింది. పిల్లల్ని ఏం వద్దనాలన్నా ఇప్పుడు మా ఇంట్లో "బాక"లే. చద్ది పులుసు, దోసె ఇక్కడ ఆదివారం పొద్దుటి టిఫిన్ అని నాకు తెలుసు. అయినా రాత్రి పదింటికి ఇద్దరం వంటింట్లో నిలబడి చెరో ముక్క తినేశాం. పొద్దున మిగిలిన మూడు ముక్కలూ దోసెల్లోకి వేసుకున్నాం. పెద్దమ్మ చెప్పింది నిజమే, రాత్రి తిన్నది వేరే పులుసు అనిపించింది.

గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. బావమరిది కాకినాడ మీదుగా వస్తూ తెచ్చిన కోటయ్య కాజాలు డబ్బాలో ఇంకా ఆరు ఉన్నాయి. నాలుగు గిన్నెలో పెట్టి నేనే పట్టుకెళ్లాను. పెద్దమ్మ ఒకటి కొరికి, చీర మీద పడిన పాకం తుడుచుకుని, కాజా లోపలికి తొంగి చూశారు.

"బాగుండాది గానీ, ఇందులో మీగడ ఏది సామీ?"