నెల్లూరులో పాత ఐఫోన్ కొనేవాళ్ళు జాగ్రత్త: "ఐడీ మేమే చేసిస్తాం" అన్నాడంటే లేచి వచ్చెయ్యండి

లాకయిపోయిన నా పాత ఐఫోన్ పట్టుకుని, అది అమ్మిన షాపుకి పోయి, ఇప్పుడే నెల్లూరు నుంచి కావలి వచ్చి దిగా. మా ఆవిడ ఫోన్లోంచి టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. రేపటికి కోపం తగ్గితే ఇది రాయను, నా సంగతి నాకు తెలుసు.

షాపు పేరు రాయను. ట్రంకు రోడ్డు మీద నుంచి లోపలికి పోయే సందు, గుమ్మానికి పందిరేసినట్టు పాత ఫోన్ కవర్లు వేలాడతా ఉంటాయి. నెల్లూరోళ్ళకి ఇంతకంటే ఆనవాలు అక్కర్లా. మీలో సగం మంది అక్కడ స్క్రీన్ గార్డయినా వేయించుకునుంటారు.

ఏడాదిన్నర కిందట అక్కడ ఐఫోన్ టెన్ కొన్నా. 15,000 చెప్పి బోణీ బేరమని 500 తగ్గించాడు. ఏదో కోటలో పాగా వేసినట్టు పొంగిపోయా. ఆపిల్ ఐడీ, అంటే ఫోన్ ఎవరిదో కంపెనీకి చెప్పే ఖాతా, దాని దగ్గరికొచ్చేసరికి "నీకెందుకన్నా ఆ తలనొప్పి, మా కస్టమర్లందరికీ మేమే చేసిస్తాం" అని, వాడి సొరుగులో ఉన్న ఏదో సిమ్ము నంబరుతో, ఏదో మెయిలుతో అక్కడికక్కడే చేసిచ్చాడు. పాస్‌వర్డ్ సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. అదెప్పుడో చొక్కా జేబుతో పాటు ఉతుక్కుపోయింది. యూపీఐ వద్దన్నా, క్యాష్ ఇవ్వు అన్నాడు, ఇచ్చా. బిల్లడిగితే చిన్న పుస్తకంలోంచి కాగితం చించి "మొబైల్ - 1, 14,500" అని రాసి కింద ఒక గీత గీశాడు. దాన్ని సంతకం అనుకోవాలి.

ఇప్పుడు నా పనేందో చెప్తా, నవ్వుకోండి. నేను రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్‌ని. 22 ఏళ్ళుగా జనానికి చెప్పేది ఒకటే మాట, లింకు డాక్యుమెంట్లు చూడకుండా అడ్వాన్సు ఇవ్వబాకండి అని. 3 సెంట్ల స్థలానికి కూడా 30 ఏళ్ళ ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీయిస్తా. నాలుగు దిక్కులా హద్దులు రాయకపోతే నాకు నిద్ర పట్టదు. అట్టాంటోణ్ణి, హద్దులూ సర్వే నంబరూ లేని "మొబైల్ - 1" పట్టుకుని ఇంటికొచ్చా. పైగా దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టా!

ఫోన్ లాక్ ఎట్ట అయిందంటే, అది నా తప్పే. మా చిన్నోడు కోడ్ పసిగట్టాడని మూడు నెలల కిందట మార్చా. మొహం చూపిస్తే తెరుచుకునే ఫోనుకి కోడ్ ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? పోయిన ఆదివారం ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. ఆగి మళ్ళీ వెలిగితే మొహం పనికిరాదంట, కోడే కొట్టాలంట. పెళ్ళిరోజు, బండి నంబరు, మా ఇంటి డోర్ నంబరు, తోచినవన్నీ కొట్టా. మూసుకుపోయింది. ఇక్కడ కంప్యూటర్ తెలిసిన కుర్రాడు మొత్తం చెరిపేసి మళ్ళీ ఎక్కిస్తే, ఈ ఫోన్ ఓనరుకి లాక్ అయి ఉందని ఒక మెయిలు మొదటి అక్షరం, పక్కన చుక్కలు చూపిస్తా కూర్చుంది. ఓనరంట! నేను గాక ఇంకెవడు ఓనరు?

ఆ లాక్ దొంగల కోసం పెట్టింది. 2013 నుంచి ఐఫోన్లలో ఉంది. తాళం ఫోన్లో ఉండదు, కంపెనీ సర్వర్లో ఉంటుంది. అందుకే ఎన్నిసార్లు చెరిపి ఎక్కించినా తిరిగొచ్చి అదే ఐడీ అడుగుద్ది. పాస్‌వర్డ్ మార్చుకుందామంటే ఆ ఐడీకి కట్టిన నంబరుకి కోడ్ పోతుంది, అది 62తో ముగిసే నంబరు, నాది కాదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "సర్, మొట్టమొదట కొన్నప్పటి బిల్లు, దాని మీద ఐఎంఈఐ గానీ సీరియల్ నంబరు గానీ ఉన్నది పంపండి" అని. ఐఎంఈఐ అంటే ఒక్కో ఫోనుకి ఒక్కోటి ఉండే గుర్తింపు నంబరు. ఆమెనేం అనను. పాసు పుస్తకం లేకుండా పొలం నాదే అంటా వచ్చినోడికి నేనూ అదే చెప్తా.

సరే, చేసిచ్చినోణ్ణే అడుగుదాం, నంబరు వాడిది కదా, నిమిషంలో పని అనుకుని పొద్దున రైలెక్కా.

వాడు నా మొహం చూళ్ళా. వాడి చూపంతా చేతిలో ఉన్న ఎవరిదో ఫోను మీదే. "ఇది మా దగ్గర కొన్నది కాదన్నా" అన్నాడు. ఫైల్లోంచి చీటీ తీసిచ్చా. దాన్ని పైకెత్తి ట్యూబులైటుకి అడ్డం పెట్టి చూశాడు, దొంగనోటు చూసినట్టు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇందులో ఈ ఫోనని యాడుంది? మొబైల్ అని ఉంది. ఏ మొబైలు? ఐఎంఈఐ ఉందా? అసలు ఈ ఫోన్ నీదేనని రుజువేందన్నా?"

ఆ చీటీ రాసింది వాడు. చేతిరాత వాడిది. కింద గీత వాడు గీసింది. ఇదంతా గొంతు తగ్గించి కూడా అన్లా, షాపంతా వినపడేట్టు అన్నాడు. స్క్రీన్ గార్డ్ వేయించుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు నన్నొకసారి చూసి హ్యాండ్‌బ్యాగులు ముందుకి లాక్కున్నారు. పంచె కట్టుకుని, చేతిలో ఫైలుతో నిలబడ్డ నన్ను చూసి! నా 51 ఏళ్ళ బతుకులో ఎవరూ నన్ను చూసి బ్యాగు దగ్గరికి లాక్కోలా.

ఇంకా మంటెక్కేది ఏందంటే, వాడడిగింది సరైన ప్రశ్నే. రోజుకి పదిసార్లు నేను అడిగే ప్రశ్న. అందుకే నోట మాట రాలా.

నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే జాలి పడ్డట్టు, "సర్లే అన్నా, 2,000 ఇవ్వు, ఓటీపీ తెప్పిస్తా" అన్నాడు. మళ్ళీ క్యాషే. మళ్ళీ ఇచ్చా. అవును, ఇచ్చా. తిట్టేవాళ్ళు తిట్టండి, ఇంటికొచ్చినప్పటి నుంచి మా ఆవిడ అదే పనిలో ఉంది.

టీ తాగి రమ్మన్నాడు. అరగంట తర్వాత పోతే, "ఆ సిమ్ రీఛార్జి చెయ్యక ఎప్పుడో పోయిందన్నా" అన్నాడు. 90 రోజులు వాడకుండా పడేస్తే నంబరు తీసేసి, కొన్నాళ్ళకి ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు, ఆ సంగతి సిమ్ములమ్మే వాడికి తెలీదా? నా 2,000? "సర్వీసు ఛార్జి." పైగా ఆ నంబరు చీటీ మీద రాసిచ్చి "నువ్వే మాట్లాడుకో" అన్నాడు. ఉతుక్కుపోయిన అట్టతో కలిపి వాడు నాకు రాసిచ్చిన చీటీలు ఇప్పటికి మూడు.

సిగ్గు విడిచి ఆ నంబరుకి చేశా. ఒక పెద్దామె ఎత్తింది, కరీంనగర్ వైపు మాట. "అమ్మా, మీ ఫోనుకి ఒక ఓటీపీ వస్తుంది, కాస్త చెప్తారా" అన్నా. నా నోటితో నేనన్న మాట అది. ఆమె ఒక్క క్షణం ఆగి, "ముసలిదాన్నని మోసం చేద్దామనుకున్నవా బిడ్డా? సిగ్గుండాలె, పోలీసోళ్ళకు చెప్త" అని కట్ చేసింది. ఆమెకి దండం పెట్టాలి. నాకు తప్ప అందరికీ బుద్ధుంది.

మెట్లు దిగుతుంటే ఆ షాపులో గార్డులు అతికించే పిల్లోడు వెనకాలే వచ్చి, "అన్నా, సర్వర్ అన్‌లాక్ ఉంది, 4,000 అవుద్ది, తెలిసినోడున్నాడు" అని గుసగుస. ఈసారి మాత్రం ఇవ్వలా. ఇద్దామన్నా జేబులో రైలు టిక్కెట్ డబ్బులే ఉన్నాయి.

14,500 పోతే పోయింది. ఆ ఐడీలో మా నాయన ఫోటో ఉంది. పోయినేడు రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఆరోగ్య రొట్టె అందుకుంటుంటే తీశా. తలకి తుండుగుడ్డ, రొట్టె పట్టుకున్న చెయ్యి కొంచెం వణికి ఫోటోలో మసగ్గా వచ్చింది. ఈ ఏడు ఆయన లేడు. ఐడీతో పాటు కంపెనీ సర్వర్లో 5 జీబీ దాకా ఉచితంగా దాచుకోవచ్చు కాబట్టి అది అక్కడ భద్రంగానే ఉండి ఉంటుంది. నాకే అందదు.

కొనేవాళ్ళు కొంటారు కాబట్టి రెండు ముక్కలు. డబ్బు ఇవ్వకముందే ఫోన్ మొత్తం చెరిపించి కొత్త ఫోన్ లాగా హలో అని వచ్చాక కూడా ఆగకుండా, నెట్ కలిపి సెటప్ పూర్తయ్యేదాకా చూడండి. పాత ఐడీ ఏదైనా అడిగిందంటే ఆ ఫోన్ ముట్టుకోబాకండి. ఐడీ మీ చేత్తో, మీ సొంత నంబరుతో చేసుకోండి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే వచ్చే ఐఎంఈఐ బిల్లు మీద రాయించుకోండి, పాత ఓనరు ఒరిజినల్ బిల్లు దొరికితే ఇంకా మంచిది. కేవైఎం (KYM) అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ ఐఎంఈఐ రాసి 14422కి మెసేజ్ పెడితే అది బ్లాక్ అయిన ఫోనో కాదో చెప్తుంది. డబ్బు యూపీఐలోనే కొట్టండి, వాడు ఏడిస్తే ఏడవనివ్వండి.

రేపు కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేస్తా. మొదట ఏమడుగుతారో నాకు ఇప్పుడే తెలుసు.