ఆఫ్‌లైన్ అంటుంది, ఎందుకో చెప్పదు: మా ఇంటి వైఫై కెమెరాల సంగతి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. సెలవులకు తాళం వేసి వెళ్లినప్పుడు ఇల్లు కంటికి కనబడుతూ ఉండాలని హాల్లో ఒకటి, గేటు వైపు ఒకటి వైఫై కెమెరాలు పెట్టించుకుని ఏళ్లయింది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుంది, రాత్రిపూట ఎలా కనబడుతుంది, ఇవన్నీ ఏ దుకాణంలో అడిగినా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. యాప్‌లో "డివైస్ ఆఫ్‌లైన్" అని వస్తుంది చూశారూ, అది ఎందుకు వచ్చిందో ఈ కెమెరా చెప్పదు. కరెంటు పోయినా అదే మాట, నెట్ పోయినా అదే మాట, ఎవడైనా లోపలికొచ్చి వైరు పీకేసినా అదే మాట. ఊళ్లో లేనివాళ్లకు ఈ మూడూ ఒకటెలా అవుతాయి?

ఒక దసరా సెలవుల్లో అరుణాచలం బయల్దేరాం. పలాసలో రైలెక్కేదాకా గేటు, తులసికోట ఫోన్లో చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి. రాత్రి భోజనాలయ్యాక చూస్తే రెండు కెమెరాలూ ఆఫ్‌లైన్. మా వైపు పెద్ద వాన అని అప్పటికే తెలిసింది. అక్టోబరు వచ్చిందంటే మాకు తుఫాను భయమే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను ఏం చేసిందో కళ్లారా చూసినవాళ్లం. రెండూ ఒకేసారి పోయాయి కాబట్టి కరెంటే పోయి ఉంటుందని మా ఆయన అన్నారు. రౌటర్ వైరు పీకినా రెండూ ఒకేసారే పోతాయి కదా అని నేను. వానలో, చీకట్లో, జనం లేని వీధిలో దొంగకు అంతకంటే ఏం కావాలి? ఎదురింటి మావుసీకి (ఒడియాలో పిన్ని అన్నమాట) ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు. ఆ రాత్రి బెర్తు మీద కునుకు పట్టలేదు.

మర్నాటి గిరిప్రదక్షిణ కూడా అలాగే సాగింది. పద్నాలుగు కిలోమీటర్ల దారిలో ఒక్కో లింగం దగ్గర దణ్ణం పెట్టుకోవడం, ఫోను తీసి చూసుకోవడం. ఎన్నాళ్లనుంచో మొక్కుకున్న యాత్ర, మనసంతా గేటు దగ్గరే ఉండిపోయింది. వరుణలింగం దాటాక మావుసీ ఫోను కలిసింది. "కాలి రాతిరు లైన్ నాహిఁ" (నిన్న రాత్రి నుంచి కరెంటు లేదు) అని మొదలుపెట్టి, నా గొంతు విని తెలుగులోకి వచ్చేసింది. "చెట్టు పడి స్తంభం ఒరిగిపోయిందమ్మా. మీ గేటు తాళం పొద్దున్నే చూసొచ్చాను, బాగుంది. నువ్వు నడుచుకో." అప్పుడు గానీ కొండ వైపు నిదానంగా చూడలేదు.

తిరిగొచ్చాక కరెంటు పోయినా బ్యాటరీతో నడిపే చిన్న యూపీఎస్ కొన్నాం. అరచేతిలో పట్టే పెట్టె. రౌటర్‌కు 12 వోల్టులు, కెమెరాకు 5 వోల్టులు అందులోంచే వెళ్తాయి. కొత్తలో మూడు నాలుగు గంటలు వచ్చేది. కరెంటు పోయినా ఇల్లు కనబడుతుంటే ఎంత హాయి అనిపించిందో! పాతపట్నంలో ఉన్న మా వదినకు కూడా కొనిపించాను.

ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. మన ఇంట్లో రౌటర్ వెలుగుతున్నా, వీధి చివర స్తంభానికి కట్టిన నెట్ పెట్టెకు కరెంటు లేకపోతే అంతా ఆగిపోతుంది. మా వీధిలో అదే జరుగుతోంది. అందరి ఇళ్లకూ ఇలాగే ఉండాలని లేదు, కొనేముందు మీ కేబుల్ అబ్బాయిని అడగండి. బ్యాటరీ కూడా ముసలిదైంది, మొదట్లో వచ్చిన దాంట్లో సగం సేపు వస్తే గొప్ప.

అయినా యూపీఎస్ తీసేయలేదు. నెట్ లేకపోయినా కరెంటు అందినంతసేపూ కెమెరా లోపలి కార్డులో రికార్డు చేస్తూనే ఉంటుంది. ఒకసారి ఊరి నుంచి వచ్చి వెనక్కి తిప్పి చూస్తే, నెట్ లేని గంటల్లో గేటు దగ్గర ఎవరు ఆగారో, ఎంతసేపు నిలబడ్డారో అంతా ఉంది. ఇది నేను ఊహించని మేలు. కాకపోతే కార్డు ఉండేది కెమెరాలోనే, దాన్ని పీక్కుపోతే సాక్ష్యం కూడా పోతుంది. అందుకే హాల్లోది చేతికందనంత ఎత్తులో పెట్టించాను.

గేటు కెమెరా రాత్రి వెలుగుకు పురుగులు, పురుగుల కోసం సాలీడు. గూడు ఊగినప్పుడల్లా "మనిషి కదలిక" అని ఫోను మోగుతుంది. ప్రయాణానికి ముందు చీపురుతో దులపడం మర్చిపోకండి.

కెమెరా ఉంది కదా అని మిగతావి వదిలేయలేదు. నగలు బ్యాంకు లాకర్లోనే. పాలు, పేపరు ముందే ఆపించేస్తాం. గుడి ఫోటోలు స్టేటస్‌లో పెట్టేది ఇంటికొచ్చాకే, ఈ మాట పిల్లల చేత ఒప్పించడమే కష్టం. రైల్లో పెట్టెలకు గొలుసు, ఏదైనా అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139. అవతల ఆంధ్రాలో పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తెచ్చారు, ఊరెళ్తున్నామని ముందే చెబితే తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెట్టే ఏర్పాటు. మేం ఒడిశాలో ఉన్నాం కాబట్టి అది మాకు వర్తించదు. స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళ్తాం.

మరి కొనమంటానా? మాలాగా వీధి మధ్యలో ఇల్లు, ఎదురుగా మావుసీ లాంటి మనిషి ఉంటే కొనండి, యూపీఎస్‌తో కలిపి. ఊరి చివర ఒంటరి ఇల్లయితే సిమ్‌తో నడిచేది చూడండి. దానికి వీధి నెట్‌తో పని లేదు, కానీ పెద్ద తుఫానులో టవరు ఎంతసేపు నిలుస్తుందో మీ ఊరి సంగతి మీకే తెలియాలి.