ఎటిమాన్‌లైన్ రివ్యూ: ‘చెక్’ అని కొట్టి చూడండి, ఎంత దూరం తీసుకెళ్తుందో

మనం తెలుగులో రోజూ వాడేసే ఇంగ్లిష్ మాటల్లో చెక్ అంత బిజీ మాట ఇంకోటి లేదేమో అనిపిస్తుంది నాకు. బ్యాంకులో వేసేది చెక్కు, చొక్కా మీద గళ్ళు చెక్స్, ఊరి బయట లారీలు ఆపేది చెక్‌పోస్టు, రైల్లో టీసీ వచ్చి చేసేది చెకింగ్, హాస్పిటల్‌కి వెళ్తే చెకప్, పేపర్ తెరిస్తే ఫలానా లీడర్‌కి సొంత పార్టీవాళ్ళే చెక్ పెట్టారు అని హెడ్డింగు. వీటికి ఒకదానికొకటి ఏమైనా చుట్టరికం ఉందా లేక పేరు ఒకటే ఊళ్ళు వేరా అని డౌటొచ్చిన వాళ్ళకి నేను చెప్పేది ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ, అందరూ పొట్టిగా ఎటిమాన్‌లైన్ అంటారు. ఇంగ్లిష్ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పే నిఘంటువు ఇది, అమెరికాలో పెన్సిల్వేనియాకి చెందిన డగ్లస్ హార్పర్ అనే ఆయన మొదలుపెట్టి ఏళ్ళ తరబడి కూర్చుతూ వచ్చాడు. ఫ్రీ. ఫోన్‌కి యాప్ కూడా ఉంది.

చెక్ అని కొడితే ఒక్క ఎంట్రీ రాదు, నామవాచకం వేరు క్రియ వేరు అని విడివిడిగా వస్తాయి, పైది చదివి వెనక్కి వచ్చేయకండి, కిందకి దిగితేనే అసలు కథ. ఇంగ్లిష్‌లోకి ఈ మాట 1300 ప్రాంతంలో చదరంగం ఆటలోంచి వచ్చిందంట, అంటే రాజు మీదకి దాడి వచ్చింది చూస్కో అని ఎదుటివాడికి చెప్పే మాటగా. దానికి ముందు పాత ఫ్రెంచ్‌లో ఎస్చెక్, దానికి ముందు లాటిన్‌లో స్కాకస్, దానికి ముందు అరబిక్, చిట్టచివరికి పర్షియన్‌లో షా. షా అంటే రాజు. ఆ షానే చెక్ అయ్యింది! ఇంకో సంగతి, ఫ్రెంచ్‌లో ఎస్చెక్‌కి బహువచనం ఎస్చెస్, అదే ఇంగ్లిష్‌లో చెస్ అయ్యింది, అంటే చెస్, చెక్ రెండూ ఒకే మాట, ఒకటి బహువచనం ఒకటి ఏకవచనం. ఇన్నాళ్ళూ రెండు మాటలూ పక్కపక్కనే వాడుతున్నాం కదా, ఎవరికైనా తట్టిందా ఇది?

రాజుకి చెక్ పడితే ఇంక వేరే ఎత్తు ఏదీ వేయడానికి లేదు, ముందు రాజుని కాపాడుకోవాలి. అక్కణ్ణుంచి ఆపేయడం, అడ్డుకోవడం అనే అర్థం వచ్చింది, అడ్డుకోవడం నుంచి అదుపులో పెట్టడం, అదుపు నుంచి అంతా సరిగ్గా ఉందా లేదా అని చూడటం. ఇలా ఒక్కో మెట్టూ దిగుతూ వస్తే చెక్‌పోస్టు, చెకింగ్, చెకప్ అన్నీ ఎవరి చోట వాళ్ళు కూర్చుంటాయి. మన పేపర్లవాళ్ళు రాసే ‘చెక్ పెట్టారు’ మాత్రం ఇప్పటికీ ఆ మొదటి అర్థం పక్కనే ఉంది చూడండి, రాజుని ఇరకాటంలో పెట్టడమే.

నాకు బాగా నచ్చింది గళ్ళ కథ. చదరంగం బల్ల మీద గళ్ళుంటాయి కాబట్టి గళ్ళు ఉన్న ప్రతిదీ చెక్స్ అయ్యింది, అంతవరకు ఎవరైనా ఊహిస్తారు. ఆ గళ్ళ గుడ్డ ఇంగ్లండ్ ఖజానాకి పేరెలా అయ్యిందో అక్కడ ఉంది మజా. ఆ ఖజానా పేరు ఎక్స్‌చెకర్, ఆ ఎంట్రీకి వెళ్తే క్లుప్తంగానే ఉంటుంది, నేను వేరే చోట్ల చదివింది కలిపి చెప్తాను. 12వ శతాబ్దంలో ఆ ఖజానాలోనే పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే ఆయన అప్పుడు లెక్కలు ఎలా చూసేవాళ్ళో రాసిపెట్టాడు. 10 అడుగుల పొడవు 5 అడుగుల వెడల్పు బల్ల, పెట్టినవి జారిపడకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు, దాని మీద గీతలు గీసిన నల్లగుడ్డ. జిల్లాల నుంచి షెరిఫ్‌లు అనే రాజుగారి అధికారులు వచ్చి రాజుగారికి కట్టాల్సిన డబ్బు లెక్క చెప్తుంటే ఆ గీతల మధ్య బిళ్ళలు పెట్టి పెన్నీలు ఒక వరసలో, షిల్లింగులు ఒక వరసలో, పౌండ్లు ఇంకో వరసలో కూడేవాళ్ళు. రోమన్ అంకెలు రాసి కూడికలు చేయడం నరకం కాబట్టి అందరి కళ్ళ ముందే బిళ్ళలు జరపడమే తేలిక, మోసం చేయడం కూడా కష్టం. ఆ బల్ల చదరంగం బల్లలా ఉందని ఎక్స్‌చెకర్ అన్నారు, ఆ పేరు ఇవాళ్టికీ పోలేదు, బ్రిటన్‌లో ఆర్థికమంత్రిని చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అనే అంటారు, రిషి సునాక్ 2020 నుంచి 2022 వరకు చేసింది ఆ ఉద్యోగమే.

బ్యాంకు చెక్కు సంగతికొస్తే అది అడ్డుకోవడం అనే అర్థంలోంచి వచ్చింది. మొదట్లో చెక్ అంటే మనం కౌంటర్ ఫాయిల్ అంటామే, అది, దొంగ కాగితం తెస్తే పట్టేయడానికి మన దగ్గర ఉంచుకునే ముక్క. తర్వాత్తర్వాత పేరు అసలు కాగితానికే వచ్చేసింది. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో చివర క్యూ యూ ఈ ఎందుకు పెడతారో, అమెరికావాళ్ళు ఎందుకు పెట్టరో కూడా ఇక్కడే తెలుస్తుంది, అది ఎక్స్‌చెకర్ ప్రభావంతో వచ్చిన స్పెల్లింగ్. మన బ్యాంకులు బ్రిటిష్ దారిలోనే ఉన్నాయి.

సైటు మీద నమ్మకం కలగడానికి ఒక ఉదాహరణ చెప్తా. చెక్‌మేట్ అంటే ‘రాజు చచ్చాడు’ అని చాలామంది చెప్తుంటారు. ఇక్కడ అంత గట్టిగా చెప్పి వదిలేయరు, అరబిక్‌లో మాత అంటే చనిపోయాడు అని ఉంది కాబట్టి అలా అనుకున్నారు, కానీ పర్షియన్ షా మాత్‌కి రాజు దిక్కుతోచక నిలబడిపోయాడు అనే అర్థం సరిపోతుంది అని వివరంగా రాశారు. ఆటలో కూడా అంతే కదా, రాజుని చంపేది ఉండదు, కదలడానికి గడి ఉండదు అంతే. ఇక ఆట విషయానికొస్తే మన చతురంగమే పర్షియాకి వెళ్ళి చత్రంగ్, అరబ్బుల దగ్గర షత్రంజ్ అయ్యింది. ఆటేమో మన దగ్గర్నుంచి వెళ్ళింది, చెక్ అనే మాటేమో పర్షియాలో తగులుకుని యూరప్ అంతా తిరిగి తెల్లవాళ్ళతో మళ్ళీ మన ఇంటికే వచ్చింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కొత్తవాళ్ళకి పొడి అక్షరాలు, చుక్క గుర్తులు అర్థం కావు. మాట ముందు నక్షత్రం ఉంటే అది రాతలో ఎక్కడా దొరకలేదు, పండితులు ఇలా ఉండి ఉంటుందని కట్టిన రూపం అని అర్థం, ఇది తెలియకపోతే ఊహని నిజం అనుకుంటాం. పక్కన వేసే సంవత్సరం కూడా మాట పుట్టిన రోజు కాదు, రాతలో దొరికిన మొదటి ఆనవాలు మాత్రమే, నోటి మాటగా అంతకు ముందే ఉండొచ్చు. సోషల్ మీడియాలో స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకుంటే బావుంటుంది.

ఇంకోటి, ఇది ఇంగ్లిష్ నిఘంటువు, మన మాటలు ఇంగ్లిష్‌లోకి వెళ్తేనే కనిపిస్తాయి. బ్యాండికూట్ అని కొట్టండి, తెలుగు పందికొక్కు అని రాసి ఉంటుంది, చూసి ఎంత ముచ్చటేసిందో. కానీ ‘చెక్కు చెదరకుండా’లో చెక్కు ఏంటి అంటే ఇక్కడ దొరకదు, దానికీ బ్యాంకు చెక్కుకీ సంబంధం లేదు, అది మన మాట. అలాంటివాటికి ఆంధ్రభారతి సైటుకి వెళ్ళండి, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు అన్నీ ఒకేచోట వెతకొచ్చు, ఏ కావ్యంలో వాడారో కూడా దొరుకుతుంది. అయితే ఒక తెలుగు మాట ఏ శతాబ్దంలో మొదట కనిపించింది, అర్థం ఎప్పుడు మారింది అని ఎటిమాన్‌లైన్‌లో లాగా ఒక్క క్లిక్కులో చూపించేది మనకి కావాలి, శాసనాల నుంచి మొదలుపెడితే సరుకు బోలెడుంది, చేసేవాళ్ళు పూనుకోవాలి.

నా రేటింగ్ 5కి 4.5, ఆ అర మార్కు పొడి అక్షరాలకి తీసేశాను. ఇంగ్లిష్ టీచర్లు, పోటీ పరీక్షలకి వొకాబులరీ బట్టీ పట్టేవాళ్ళు తప్పకుండా వాడండి, కథ తెలిస్తే మాట మర్చిపోరు. చెక్ అయ్యాక బ్యాంక్, బోర్డ్, బ్యూరో ఈ మూడూ వరసగా చూడండి, మూడింటి వెనకా ఏదో ఒక బల్ల ఉంటుంది. అది అయ్యాక బడ్జెట్ చూడండి, అందులో తోలు సంచి ఉంటుంది.