తొమ్మిదేళ్లుగా నా చేతిలో ఉన్న ఆస్పిరేటింగ్ సిరంజి

పళ్ల డాక్టర్‌గా మొదట్లో ప్లాస్టిక్ సిరంజితోనే మత్తు ఇచ్చేదాన్ని. దాంతోనూ పిస్టన్ వెనక్కి లాగి, సూది రక్తనాళంలో పడి రక్తం వస్తోందేమో చూడొచ్చు. దీన్నే ఆస్పిరేషన్ అంటాం. కానీ నోట్లో ఒక్క చేత్తో ఆ పని చేయబోతే సూది కదిలిపోయేది. అందుకే చాలాసార్లు చూడకుండానే మందు ఎక్కించేశాను. అది తప్పే.

బొటనవేలికి రింగు ఉన్న ఈ స్టీలు సిరంజి కొన్నాక ఆ అలవాటు పోయింది. కింది దవడ బ్లాకులో, అంటే అక్కడి నరం దగ్గర మత్తు ఇచ్చేటప్పుడు, సూది కొన రక్తనాళంలో పడటం నూటికి పది, పదిహేను సార్లు జరిగేదే. రింగును కాస్త వెనక్కి లాగితే చాలు, మందుండే చిన్న గాజు గొట్టంలోకి, అంటే కార్ట్రిడ్జ్‌లోకి దారంలా ఎర్రటి చార పాకుతుంది. ఒక పేషెంట్‌కు వరసగా రెండుసార్లు వచ్చింది. మూడో చోట రాలేదు, అక్కడ ఇచ్చాను. చూడకుండా ఎక్కించి ఉంటే మత్తుమందులో కలిపి ఉండే అడ్రినలిన్ నేరుగా రక్తంలో కలిసి గుండె దడ పుట్టేది, పెదవి మాత్రం మొద్దుబారేది కాదు.

దీని పెద్ద లోపం హార్పూన్. పిస్టన్ చివరి ఆ ముల్లు అరిగిపోతే కార్ట్రిడ్జ్ వెనక ఉండే రబ్బరు బిరడాలో దిగదు. వెనక్కి లాగితే పిస్టన్ ఒక్కటే వస్తుంది, బిరడా కదలదు. రక్తం లేదనుకుని ధైర్యంగా ఎక్కించేస్తాం! అందుకే నోట్లో పెట్టకముందే కొద్దిగా లాగి, బిరడా కూడా వస్తోందో లేదో చూసుకుంటాను. ఇప్పటికి రెండు పిస్టన్లు మార్చాను.

చేతులు చిన్నవైతే కార్ట్రిడ్జ్ నిండుగా ఉన్నప్పుడు రింగు అందదు. కొనేముందు నిండు కార్ట్రిడ్జ్ పెట్టి పట్టుకుని చూడండి.

ఇంకో మాట, దీంతో తోస్తే మందు మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. అంగిలిలో చిగురు ఎముకకు అతుక్కుని ఉంటుంది కాబట్టి గట్టిగా తోస్తే పేషెంట్ విలవిల్లాడతారు. అక్కడ దూది పుల్లతో నొక్కి పట్టి, పక్కనే చుక్క చుక్కగా వదులుతాను. బ్లాకులోనైతే 1.8 మి.లీ. మందుకు దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటాను. టెన్షన్‌తో కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నవాళ్ల వేళ్లు మెల్లగా వదులవడం ఆ రెండు నిమిషాల్లోనే చూస్తుంటాను.

పంటి వేరును ఎముకకు పట్టి ఉంచే పొరలోకి, అంటే లిగమెంట్‌లోకి ఇవ్వడానికి మాత్రం దీన్ని వాడను. ఒకసారి ఒత్తిడికి కార్ట్రిడ్జ్ పగిలింది. గాజు ముక్క నోట్లో పడలేదు గానీ, ఆ రోజు నుంచి దానికి వేరే సిరంజి పెట్టుకున్నాను.