జైపూర్‌లో కొన్న రాయిలో రాయి

నల్ల ఓనిక్స్ రాయిలో ఆకుపచ్చని మాలకైట్ రాయి ముక్క పొదిగి, పైన ఉబ్బెత్తుగా సానబట్టిన రాయి (కాబోషాన్ అంటారు) ఒకటి జైపూర్ జోహరీ బజార్‌లో చిన్న కొట్టులో ఉంగరం కోసం తీసుకున్నాను. పనితనం నిజంగా బాగుంది. రాళ్ల గట్టిదనం కొలిచే మోస్ స్కేల్ మీద ఓనిక్స్ 6.5 నుంచి 7, మాలకైట్ 3.5 నుంచి 4 మాత్రమే, అందుకే రెండింటినీ కలిపి పాలిష్ పట్టేటప్పుడు మెత్తనిది ముందే అరిగి గుంట పడుతుంది, ఇందులో మాత్రం కళ్లు మూసుకుని గోరు ఆనించి చూసినా అతుకు తెలియలేదు. నచ్చనిది ఒక్కటే. ఇంటికొచ్చి లెన్స్ పెట్టి చూస్తే ఒక అంచున వెంట్రుకంత సందు, అందులో నల్లరంగు కలిపిన ఎపాక్సీ జిగురు. ఆ మాట కొట్టువాడు ముందే చెప్పాల్సింది, ధర తగ్గించమని అడిగేవాడిని. కొనేముందు వెలుతురులో అటూ ఇటూ తిప్పి అతుకు చూసుకోండి. నిమ్మరసం, చింతపండు పులుసు అస్సలు తగలనివ్వకండి, మాలకైట్ రాగి కార్బనేట్ కదా, పులుపుకి మెరుపు పోతుంది.