లారీ కమాన్ కట్టతో చేయించిన మచ్చుకత్తి: ఏళ్లు వాడాక నా అభిప్రాయం

చెన్నైలో మాధవరం వైపు లారీల కమాన్ కట్టలు (కుదుపులు ఆపడానికి కింద వేసే స్ప్రింగ్ పట్టీల కట్టలు) మార్చే షాపులున్నాయి. విరిగిన పట్టీలను అక్కడ పాత ఇనుము కింద తూకానికి అమ్మేస్తారు. అలాంటి పట్టీ ముక్క ఒకటి తీసుకుని, ఆ దగ్గర్లోనే కొలిమి పెట్టుకున్న ఒక తెలుగు పెద్దాయన చేత మచ్చుకత్తి కొట్టించాను. ఇనుము, తుమ్మచెక్క పిడి, కూలీ అన్నీ కలిపి 900 రూపాయలైంది.

ముందు ఆవకాయ సంగతి చెప్పాలి, ఎందుకంటే చేయించింది దానికోసమే. కాయ ముదిరి టెంక గట్టిపడ్డాక ఇంట్లో ఉండే స్టీలు చాకులు పనికిరావు. ఈ కత్తికి బరువుంది కాబట్టి, కాయను నిలబెట్టి ఒక్క దెబ్బ వేస్తే టెంకతో సహా రెండు చెక్కలవుతుంది. రెండు బుట్టల కాయలు కొట్టినా అంచు మడత పడలేదు, పెచ్చు లేవలేదు. కొబ్బరికాయలు, నాటుకోడి ఎముకలు, కాసిమేడు నుంచి తెచ్చే పెద్ద వంజరం తలకాయలు, అన్నిటికీ ఇదే. సాన మీద నాలుగు సార్లు రుద్దితే మళ్లీ పదును వచ్చేస్తుంది. ఈ సుఖం స్టెయిన్‌లెస్ చాకుల్లో నాకు దొరకలేదు.

ఇంత మన్నికకి కారణం లారీ ఇనుము కావడమే అనుకుంటారు చాలామంది. అది సగమే నిజం. మామూలు మైల్డ్ స్టీలులో కార్బన్ 0.25 శాతం మించదు. కమాన్ పట్టీల్లో 0.5 నుంచి 0.65 దాకా ఉంటుంది, దానికి తోడు రకాన్ని బట్టి సిలికాన్, మాంగనీసు, క్రోమియం కలుపుతారు. తమాషా ఏంటంటే, ఒకే మందం ఉన్న మైల్డ్ స్టీలు పట్టీ, స్ప్రింగ్ పట్టీ ఒకే బరువుకి దాదాపు ఒకేలా వంగుతాయి. బరువు ఇంకా పెంచుకుంటూ పోతే మామూలుది వంగినచోటే ఉండిపోతుంది, ఇది మాత్రం తిరిగి నిటారవుతుంది. అంత ఓర్పు రావాలంటే కార్బన్ ఉంటే చాలదు, సరిగ్గా కాల్చి చల్లార్చాలి.

కంపెనీలో పట్టీని సుమారు 850 డిగ్రీలకు కాల్చి నూనెలో ముంచుతారు, తర్వాత 400 నుంచి 500 డిగ్రీల మధ్య మళ్లీ వేడి చేస్తారు. అప్పుడది కాస్త మెత్తబడి, లారీ గుంతల్లో ఎగిరిపడినా విరగదు. కానీ అదే మెత్తదనం కత్తికి పనికిరాదు, అంచు తొందరగా మొద్దుబారుతుంది. కత్తికైతే రెండో వేడి 200 డిగ్రీల చుట్టుపక్కల ఆపాలి. మా పెద్దాయన దగ్గర థర్మామీటరు లేదు. ఎర్రగా కాలిన పట్టీకి అయస్కాంతం అంటుకోవడం మానేశాక ఇంకొంచెం కాల్చి నూనెలో దించాడు. తర్వాత ఒకచోట రుద్ది తెల్లగా చేసి, మళ్లీ సెగ చూపించి, ఎండుగడ్డి లాంటి లేత పసుపు రంగు రాగానే తీసేశాడు. ఈ రెండో వేడి ఎందుకని అడిగితే, "నూనెలో ముంచి అలాగే ఇచ్చేస్తే కిందపడి గాజులా పగుల్తుంది బాబూ," అన్నాడు.

తేడా నాకు ఇంకో కత్తితో తెలిసింది. "ఒరిజినల్ లారీ పట్టీ" అని చెప్పి అమ్మిన ఒక కత్తి వేరేచోట కొన్నాను. చూడ్డానికి ఇదే రంగు, ఇదే మందం. మొదటి కొబ్బరికాయకే అంచు పక్కకి తిరిగింది. ఆకురాయి (ఇనుము అరగదీసే ఫైలు) పెడితే సులువుగా కోసుకుపోయింది. నా కత్తి మీద అదే ఆకురాయి జారిపోతుంది. కాబట్టి కొనేముందు అంచు దగ్గర ఆకురాయి పెట్టి చూడనిమ్మని అడగండి. వద్దంటే వచ్చేయండి.

ఇక దీని బాధలు. తుప్పు పెద్ద టెన్షన్. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం కావాలి. పట్టీలో క్రోమియం ఉన్నా ఒక శాతం చుట్టూనే. చెన్నై సముద్రపు గాలికి రాత్రి కడిగి తడితో వదిలేస్తే తెల్లారేసరికి గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. మామిడి పులుపుకి నల్లబడుతుంది, ఆ నలుపు ముక్కలకీ అంటుతుంది. మేం పొడి గుడ్డతో మాటిమాటికీ తుడుస్తూ నువ్వుల నూనె రాస్తాం, ఎలాగూ ఆవకాయలోకి అదే నూనె. నిమ్మకాయలు, చింతకాయలు మాత్రం దీంతో కోయకండి. ఉల్లిపాయలు, వంకాయలకి కూడా దండగే. వీపు లావుగా ఉండటంతో ముక్క తెగే బదులు చీలుతుంది. మా ఆవిడ దీన్ని వంటింట్లో పెట్టనివ్వదు, బాల్కనీ గోడకి వేలాడుతుంది. అది న్యాయమే.

చేయించుకునేవాళ్లు ముక్కని చూసి ఎంచుకోండి. పట్టీలు ఎక్కువగా నడుమ బోల్టు కన్నం దగ్గరే విరుగుతాయి. ఆ వైపు కంటికి కనపడని బీటలు ఉండొచ్చు కాబట్టి చివరి భాగమే తీసుకోండి. లారీ పట్టీ మందంగా ఉంటుంది, అలాగే ఉంచేస్తే చెయ్యి పడిపోతుంది. వీపు 5 మిల్లీమీటర్లకి దిగేదాకా సాగగొట్టమని ముందే చెప్పండి. పిడికి రివెట్లు రెండు కాదు, మూడు వేయించుకోండి.